బేస్‌బాల్ ట్రేడ్‌లలో చేతులు మారేది మిగిలిన ఏళ్ళే

2024 డిసెంబర్‌లో న్యూయార్క్ యాంకీస్, మిల్వాకీ బ్రూవర్స్ మధ్య ఒక ట్రేడ్, అంటే ఆటగాళ్ళ మార్పిడి కుదిరింది. యాంకీస్‌కు డెవిన్ విలియమ్స్ వచ్చాడు. అతను క్లోజర్, అంటే స్వల్ప ఆధిక్యాన్ని ఆఖరి ఇన్నింగ్స్‌లో నిలబెట్టే పిచర్. క్రికెట్‌లో 20వ ఓవర్ చేతికిచ్చే బౌలర్ లాంటివాడు. బదులుగా బ్రూవర్స్‌కు ఎడమచేతి పిచర్ నెస్టర్ కోర్టెస్, అప్పటికింకా మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) గడప తొక్కని కేలబ్ డర్బిన్ వెళ్ళారు. మర్నాటి వార్తల్లో పేరంతా విలియమ్స్‌దే. మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్) అవార్డు రెండుసార్లు గెలిచినవాడు కదా, డర్బిన్ సంగతి ఎవరికి పట్టింది?

ఏడాది తిరిగేసరికి విలియమ్స్ సగటున 9 ఇన్నింగ్స్‌కు 4.79 పరుగులు ఇచ్చుకున్నాడు, మధ్యలో క్లోజర్ బాధ్యత కూడా పోగొట్టుకున్నాడు. సీజన్ అయ్యాక కాంట్రాక్ట్ ముగిసి, ఊళ్ళోనే ఉన్న మెట్స్‌కు వెళ్ళిపోయాడు. డర్బిన్ మాత్రం బ్రూవర్స్‌లో థర్డ్ బేస్ అనే ఫీల్డింగ్ స్థానంలో కుదురుకుని, నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. ఆ ఏడు 97 గెలుపులతో మేజర్ లీగ్ మొత్తం మీద మొదటి స్థానం బ్రూవర్స్‌దే. యాంకీస్ అదే థర్డ్ బేస్‌కు మనిషి దొరక్క జులైలో కొలరాడో నుంచి రయన్ మెక్‌మాన్‌ను తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ యాంకీస్‌ను తప్పుపట్టాల్సింది విలియమ్స్ సరిగ్గా ఆడనందుకు కాదు. అతను అద్భుతంగా ఆడినా ఆ ట్రేడ్ లెక్క పెద్దగా మారేది కాదు. యాంకీస్ కొన్నది ఒక్క ఏడాది, బ్రూవర్స్‌కు దక్కింది ఆరేళ్ళకు పైగా. ఆఫ్‌సీజన్ ట్రేడ్‌లను పేర్లతో తూచే అభిమానికి ఈ తేడా కనపడదు. అక్టోబర్ చివర వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ ముగిసినప్పటి నుంచి మార్చిలో ఆట మొదలయ్యేదాకా క్లబ్‌ల మధ్య చేతులు మారేది ఆటగాడి మీద మిగిలి ఉన్న ఏళ్ళు, ఆ ఏళ్ళకు పడే ఖర్చు, జట్టు జాబితాలో అతను ఆక్రమించే చోటు. ప్రతిభ ఎంత అన్నది ఈ మూడింటి తర్వాతే.

ఐపీఎల్ చూసేవారికి ఇది కాస్త కొత్తగా ఉంటుంది. అక్కడ ప్రతి జట్టుకూ ఒకే పర్సు ఉంటుంది. సన్‌రైజర్స్ 2025 సీజన్‌కు హైన్రిక్ క్లాసెన్‌ను 23 కోట్లకు అట్టిపెట్టుకుంటే, ఆ 23 కోట్లు పర్సులోంచి పోతాయి. మేజర్ లీగ్‌లో అలాంటి గట్టి పరిమితి లేదు. 30 క్లబ్‌లలో ఎవరెంత ఖర్చుపెట్టినా ఆపేవారు లేరు, జీతాల మొత్తం ఒక గీత దాటితే లగ్జరీ ట్యాక్స్ అనే పన్ను మాత్రం పడుతుంది. వేలం అసలే లేదు. ఒకసారి మేజర్ లీగ్‌లోకి వచ్చిన ఆటగాడు ఆరేళ్ళ సర్వీస్ పూర్తయ్యేదాకా, ముందుగా వదిలేస్తే తప్ప, ఆ క్లబ్ సొత్తే. ఈ ఆరేళ్ళ నిబంధనే మొత్తం మార్కెట్‌కు ఇరుసు.

ఆ ఆరేళ్ళలో మొదటి మూడేళ్ళు క్లబ్ ఇచ్చిందే జీతం. 2025లో కనీస జీతం 7.6 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్ళు ఆర్బిట్రేషన్. జనవరిలో క్లబ్ ఒక అంకె, ఆటగాడు ఒక అంకె చెబుతారు. రాజీ కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తులు వాదనలు విని రెండింట్లో ఒకదాన్నే ఎంచుతారు, మధ్యేమార్గం లేదు. ఇక్కడ హోమ్‌రన్‌లకు (సిక్సర్ లాంటి షాట్లు), సేవ్‌లకు (ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడటం) బాగా విలువ పలుకుతుంది. అందుకే క్లోజర్‌ల జీతం ఏటేటా ఎగబాకుతుంది, చిన్న మార్కెట్ క్లబ్‌లు వాళ్ళను ఆఖరి ఏడాదికి ముందే అమ్మేస్తాయి. విలియమ్స్ కథ అదే. 2025కు అతని జీతం 86 లక్షల డాలర్లకు చేరింది. డర్బిన్‌ది కనీస జీతం, దాదాపు పదకొండో వంతు. అంతకుముందు ఫిబ్రవరిలో కార్బిన్ బర్న్స్‌ను బాల్టిమోర్‌కు ఇచ్చినప్పుడూ బ్రూవర్స్ ఇదే లెక్క వేశారు. బర్న్స్ అక్కడ ఒక్క సీజన్ ఆడి 21 కోట్ల డాలర్ల ఒప్పందంతో అరిజోనాకు వెళ్ళాడు. బ్రూవర్స్‌కు ఇన్‌ఫీల్డర్ జోయీ ఓర్టిజ్, పిచర్ డీఎల్ హాల్, ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే వంతు) మిగిలాయి. మామూలు డ్రాఫ్ట్ పిక్‌లను బేస్‌బాల్‌లో ట్రేడ్ చేయకూడదు. చిన్న మార్కెట్ క్లబ్‌లకు అదనంగా ఇచ్చే పిక్‌లకు మాత్రమే ఆ వెసులుబాటు.

సర్వీస్ టైమ్‌ను చదవడంలో చాలామంది పొరబడతారు. ఆటగాడి పేరు పక్కన 3.115 అని ఉంటే అది దశాంశం కాదు. మూడు పూర్తి ఏళ్ళు, 115 రోజులు అని అర్థం. 172 రోజులు నిండితే ఒక ఏడాది. సీజన్ నడిచేది సుమారు 187 రోజులు కాబట్టి, కొత్త కుర్రాణ్ణి ఏప్రిల్‌లో రెండు మూడు వారాలు కింది లీగ్‌లో కూర్చోబెడితే ఆ ఏడాది లెక్కలోకి రాదు, క్లబ్‌కు ఏడో ఏడాది దక్కుతుంది. షికాగో కబ్స్ 2015లో క్రిస్ బ్రయంట్‌ను ఇలాగే ఆపారు. అతనికి 171 రోజులు వచ్చాయి, ఒక్క రోజు తక్కువ! ఫిర్యాదు చేసినా 2020లో తీర్పు క్లబ్ వైపే వచ్చింది. క్లబ్‌లకూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందం దీనికి కొంత అడ్డుకట్ట వేసింది. ఇప్పుడు ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాడికి ఎప్పుడు పిలిచినా పూర్తి ఏడాది ఇస్తారు. పిట్స్‌బర్గ్ 2024లో పాల్ స్కీన్స్‌ను మే నెలలో పిలిచింది. అవార్డు గెలవడంతో అతనికి ఏడాది మొత్తం కలిసొచ్చింది.

ఒక ఏడాదిని కొనడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. 2023 డిసెంబర్‌లో శాన్ డియేగో పాడ్రెస్ నుంచి హువాన్ సోటోను యాంకీస్ తెచ్చుకున్నప్పుడు అతని మీద మిగిలింది ఒకే ఒక్క ఏడాది. సోటోతో పాటు ఔట్‌ఫీల్డర్ ట్రెంట్ గ్రిషమ్ వచ్చాడు. బదులుగా పిచర్లు మైకేల్ కింగ్, డ్రూ థోర్ప్, జోనీ బ్రీటో, రాండీ వాస్కెజ్, క్యాచర్ కైల్ హిగషియోకా, మొత్తం ఐదుగురు వెళ్ళారు. సోటో 2024 జీతం 3.1 కోట్ల డాలర్లు. జీతాల మొత్తం గీతకు చాలా పైన ఉన్న యాంకీస్‌కు అతని మీద పడ్డ పన్ను కూడా దాదాపు అంతే. అంటే ఒక్క సీజన్‌కు 6 కోట్ల డాలర్ల పైమాట. అతను 41 హోమ్‌రన్‌లు కొట్టాడు, యాంకీస్ 2009 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్‌కు చేరారు. డాడ్జర్స్ చేతిలో 4-1తో ఓడారు. ఆ శీతాకాలంలోనే సోటో 15 ఏళ్ళకు 76.5 కోట్ల డాలర్లు తీసుకుని మెట్స్‌కు వెళ్ళాడు. అయినా ఆ ట్రేడ్‌ను తప్పనలేం. ఆరన్ జడ్జ్, గెరిట్ కోల్ ఉచ్చదశలో ఉన్న జట్టుకు ఆ ఒక్క ఏడాది అవసరం నిజంగా ఉంది, ఇచ్చిన ఐదుగురిలో రోజూ ఆడే బ్యాటర్ ఒక్కడూ లేడు.

పాడ్రెస్ వైపు చూస్తే ఇంకా బాగుంది. 2023లో భారీగా ఖర్చుపెట్టి 82 మ్యాచ్‌లే గెలిచారు. మధ్యలో టీవీ ప్రసార సంస్థ చేతులెత్తేయడంతో ఆ రాబడి పోయింది, నవంబర్‌లో యజమాని పీటర్ సైడ్లర్ కన్నుమూశారు. సోటో జీతం మోయలేని స్థితి. అమ్మక తప్పదని అందరికీ తెలిసిన క్లబ్‌కు సాధారణంగా మంచి ధర రాదు. ఇక్కడ మాత్రం వచ్చింది. కింగ్ అప్పటిదాకా ఎక్కువగా రిలీవర్‌గా ఆడినవాడు. అతణ్ణి పూర్తిస్థాయి స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) మారిస్తే 2024లో 201 స్ట్రైకౌట్‌లు (బ్యాటర్‌కు బంతి అందకుండా చేసే ఔట్లు) తీశాడు, 9 ఇన్నింగ్స్‌కు సగటున 2.95 పరుగులే ఇచ్చాడు. థోర్ప్‌ను మార్చిలోనే వైట్ సాక్స్‌కు ఇచ్చి, మరో ముగ్గురిని కలిపి, డిలన్ సీస్‌ను తెచ్చారు. సీస్ జులై 25న వాషింగ్టన్ మీద నో-హిట్టర్ వేశాడు, అంటే మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. లగ్జరీ ట్యాక్స్ గీత కిందికి దిగి, సోటో లేకుండానే 93 గెలిచారు. ఒక ఏడాది సోటోను ఇద్దరు స్టార్టర్ల ఏళ్ళుగా మార్చుకోవడం ఆ శీతాకాలం జరిగిన పనుల్లోకెల్లా తెలివైనది.

ఇదే పనిని బోస్టన్ రెడ్ సాక్స్ 2020 ఫిబ్రవరిలో చేసి చెడగొట్టుకుంది. మూకీ బెట్స్ మీద ఒక ఏడాది, 2.7 కోట్ల జీతం మిగిలి ఉన్నాయి. బోస్టన్ 2018, 2019లో వరసగా పన్ను కట్టింది, మూడోసారైతే పన్ను రేటు 50 శాతం. గీత కిందికి రావాలన్న తొందరలో బెట్స్‌తో పాటు పిచర్ డేవిడ్ ప్రైస్‌ను కూడా డాడ్జర్స్‌కు అంటగట్టారు. ప్రైస్‌కు ఇంకా 9.6 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి ఉంది, అందులో సగం బోస్టనే భరించింది. మిగతా సగం మోయడానికి డాడ్జర్స్ తీసుకున్న ప్రతిఫలం ఏమిటంటే, బెట్స్‌కు ఇవ్వాల్సిన కుర్రాళ్ళ స్థాయి తగ్గించడం. మోయలేని కాంట్రాక్ట్‌ను మంచి ఆటగాడికి కట్టి పంపితే ఎప్పుడూ జరిగేది ఇదే. డబ్బు మిగులుతుంది, మనుషులు మిగలరు. వచ్చినవాళ్ళు అలెక్స్ వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్. డౌన్స్ 2022లో 14 మ్యాచ్‌లాడాక బోస్టన్ వదిలేసింది. వెర్డూగో 2023 చివర యాంకీస్‌కు వెళ్ళాడు. బెట్స్ మాత్రం డాడ్జర్స్ తరఫున ఒక్క సీజన్ మ్యాచ్ ఆడకముందే 12 ఏళ్ళకు 36.5 కోట్లకు సంతకం పెట్టాడు. ఒక ఏడాది కొన్నామని చెప్పి డాడ్జర్స్ పదమూడేళ్ళు పట్టుకెళ్ళారు.

పన్ను గురించి విడిగా చెప్పుకోవాలి. 2025లో గీత 24.1 కోట్ల డాలర్లు. పైన ప్రతి 2 కోట్లకు ఒక మెట్టు. గీత దాటిన మొదటి ఏడు 20 శాతం, వరసగా రెండో ఏడు 30, మూడో ఏడు నుంచి 50. 30.1 కోట్లు దాటితే దానికి మరో 60 శాతం కలుస్తుంది. అంటే యాంకీస్ లాంటి క్లబ్ పై మెట్టు మీద పెట్టే ప్రతి డాలర్‌కు 1.10 డాలర్ల పన్ను. 2025కు పాల్ గోల్డ్‌ష్మిట్‌తో కుదిరిన 1.25 కోట్ల ఒప్పందాన్ని తీసుకుంటే, పన్నుతో కలిపి అసలు ఖర్చు 2.6 కోట్లు దాటుతుంది. ఈ లెక్క తెలిస్తే, పెద్ద క్లబ్ ఒక ఓ మోస్తరు రిలీవర్‌ను 50 లక్షలకు ఎందుకు తీసుకోలేదో, కనీస జీతానికి ఆడే కుర్రాణ్ణి ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుందో అర్థమవుతుంది. పన్నుకు చూసేది ఆ ఏడాది చేతికిచ్చిన డబ్బును కాదు, ఒప్పందం మొత్తం మీద సగటును. షోహెయ్ ఓటానీ 70 కోట్ల ఒప్పందంలో 68 కోట్లు పదేళ్ళ తర్వాత ఇచ్చేవి కాబట్టి, నేటి విలువ కట్టి పన్ను లెక్కలో ఏడాదికి సుమారు 4.6 కోట్లే వేశారు. నిబంధన అందరికీ ఒకటే, మిగతా క్లబ్‌లు వాడుకోకపోతే అది డాడ్జర్స్ తప్పు కాదు.

అభిమానులు అతి తక్కువగా చూసేది, క్లబ్‌లు అతి ఎక్కువగా నష్టపోయేది నవంబర్‌లో. మైదానంలోకి దిగే జట్టు 26 మందిది, అందులో పిచర్లు 13కు మించకూడదు. దాని వెనక 40 మంది రోస్టర్, అంటే జాబితా ఉంటుంది. సీజన్ నడుస్తున్నప్పుడు పెద్ద గాయమైనవాణ్ణి 60 రోజుల గాయాల జాబితాలో పెడితే ఆ 40లోంచి తీసేసినట్టే, చోటు ఖాళీ అవుతుంది. వరల్డ్ సిరీస్ ముగిసిన ఐదు రోజులకు ఆ జాబితా ఉండదు. మోచేయి ఆపరేషన్ అయి ఏడాదంతా ఆడలేని పిచర్ కూడా తిరిగి 40లోకి రావాల్సిందే. ఫిబ్రవరిలో శిక్షణ శిబిరాలు తెరిచాకే మళ్ళీ ఆ జాబితా.

ఒక క్లబ్ లెక్క ఇలా ఊహించుకుంటే తెలుస్తుంది. సీజన్ చివర 40 నిండా ఉన్నారు. ఐదుగురి ఒప్పందాలు ముగిశాయి, 35. గాయాల జాబితా నుంచి ఆరుగురు తిరిగొస్తే 41, అప్పుడే ఒకడు ఎక్కువ. నవంబర్ మధ్యలో రూల్ 5 గడువు వస్తుంది. 18 లేదా అంతకు తక్కువ వయసులో చేరి ఐదు సీజన్లు, 19 నిండాక చేరి నాలుగు సీజన్లు నిండిన కుర్రాళ్ళను 40లో పెట్టుకోకపోతే, డిసెంబర్‌లో వేరే క్లబ్ లక్ష డాలర్లు కట్టి ఎత్తుకుపోవచ్చు. కాపాడుకోదగ్గవాళ్ళు ముగ్గురున్నారనుకుంటే నలుగురిని వదిలించుకోవాలి, ఇక బయటి నుంచి ఫ్రీ ఏజెంట్ (ఏ క్లబ్‌తోనూ ఒప్పందం లేని ఆటగాడు) వస్తే మరో చోటు కావాలి. ఎవరిని? సాధారణంగా ఆప్షన్లు అయిపోయినవాళ్ళను. ఒక ఆటగాణ్ణి మూడు సీజన్లపాటే స్వేచ్ఛగా కింది లీగ్‌కు పంపొచ్చు. ఆ తర్వాత పంపాలంటే వెయివర్స్‌లో పెట్టాలి, అక్కడ ఏ క్లబ్ అయినా అందుకోవచ్చు. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, గత ఏడాది కాస్త ఆడిన 31 ఏళ్ళ రిలీవర్‌ను ఉంచుకుని 23 ఏళ్ళవాణ్ణి వదిలేయడం. ఆ రిలీవర్ మార్చిలో ఎలాగూ జట్టు వదిలి పోతాడు.

లెక్కల్లో ఆరితేరిన బ్రూవర్స్‌కూ ఈ దెబ్బ తగిలింది. 2024 డిసెంబర్ రూల్ 5 డ్రాఫ్ట్‌లో వైట్ సాక్స్ మొదటి పిక్‌తో వాళ్ళ పిచర్ షేన్ స్మిత్‌ను తీసుకుంది. ఇలా తీసుకున్నవాణ్ణి సీజన్ అంతా 26లోనే ఉంచాలి, లేదంటే 50 వేల డాలర్లకు పాత క్లబ్‌కు తిరిగి ఇవ్వజూపాలి. గెలవాలని చూసే జట్టు ఆ భారం మోయలేదు. ముందు ఏడాది 121 మ్యాచ్‌లు ఓడిన వైట్ సాక్స్‌కు ఏ ఇబ్బందీ లేదు. స్మిత్ 2025లో స్టార్టర్‌గా ఆడి ఆల్‌స్టార్ అయ్యాడు. లక్ష డాలర్లకు ఆరేళ్ళు.

నవంబర్‌లోనే మరో గడువు, ఆర్బిట్రేషన్‌లో ఉన్నవాళ్ళకు ఒప్పందం ఇవ్వాలా వద్దా తేల్చుకునేది. అక్కడ జీతం 20 శాతానికి మించి తగ్గదు కాబట్టి, ఆట పడిపోయిన ఖరీదైన ఆటగాణ్ణి వదిలేయడం తప్ప దారి లేదు. 2022లో డాడ్జర్స్ కోడీ బెలింజర్‌ను అలా వదిలారు. కబ్స్ 1.75 కోట్లకు తీసుకుంటే మరుసటి ఏడు 26 హోమ్‌రన్‌లు, .307 బ్యాటింగ్ సగటు. రెండేళ్ళ తర్వాత కబ్స్ అతణ్ణి యాంకీస్‌కు కోడీ పోటీట్ అనే పిచర్ ఒక్కడికే, ఎదురు 50 లక్షల డాలర్లు కూడా ఇచ్చి, పంపారు. అప్పుడే హ్యూస్టన్ నుంచి కైల్ టక్కర్‌ను తెచ్చారు కదా, ఔట్‌ఫీల్డ్‌లో చోటు చాలలేదు. టక్కర్ మీద మిగిలింది కూడా ఒకే ఏడాది. దానికి ఐజాక్ పరేడస్, హేడెన్ వెస్నెస్కీ, అప్పటికి ఐదు నెలల కిందటే డ్రాఫ్ట్ చేసిన క్యామ్ స్మిత్, ముగ్గురూ పోయారు. సోటోను కొన్నప్పటి యాంకీస్‌లా కబ్స్ అప్పుడు గెలుపు అంచున లేరు, కాబట్టి ఇది ఖరీదైన బేరమే.

అదే డిసెంబర్‌లో బోస్టన్ వైట్ సాక్స్ నుంచి గారెట్ క్రోషేను తెచ్చుకుంది. 2024లో 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్‌లు తీసిన ఎడమచేతి పిచర్, ఇంకా రెండేళ్ళు మిగిలినవాడు, 2025 జీతం 38 లక్షల డాలర్లే. ఇచ్చినవి చిన్నవేం కావు. 2023లో మొదటి రౌండ్‌లో తీసుకున్న క్యాచర్ కైల్ టీల్, 2024లో 12వ పిక్‌గా తీసుకున్నా చీలమండ విరిగి ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడని బ్రేడన్ మాంట్‌గోమరీ, ఇన్‌ఫీల్డర్ చేజ్ మెయిడ్రాత్, పిచర్ వికెల్‌మన్ గొంజాలెజ్. టీల్, మెయిడ్రాత్ 2025లోనే వైట్ సాక్స్ జట్టులో రోజూ కనపడ్డారు. రెండేళ్ళకే అయితే ఈ నలుగురూ ఎక్కువే. కానీ సీజన్ మొదలైన వారానికే బోస్టన్ 2026 నుంచి ఆరేళ్ళకు 17 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. రెండేళ్ళు కాస్తా ఏడయ్యాయి. ఆ ఏడు క్రోషే 18 గెలిచి, 255 స్ట్రైకౌట్‌లతో అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. బెట్స్ విషయంలో 2020లో చేయాల్సి ఉండి చేయని పనిని ఆ క్లబ్ ఈసారి వేరేవాళ్ళ ఆటగాడితో చేసింది.